పదో క్లాసు దాటిన పిల్ల ఎక్కడికి పోతాది?

మే నెలలో పదో క్లాసు రిజల్టు వచ్చే పొద్దు మా తళవాయిపురంలో కుట్టుమిషన్లు కాసేపు ఆగుతాయి. మామూలుగా మా వీధుల్లో తెల్లారి ఆరు నుంచి రాత్రి పది దాకా ఆ చప్పుడు ఆగదు. రాజపాళయం మిల్లులకు పేరు, చత్రపట్టి బ్యాండేజి గుడ్డకు పేరు, మా తళవాయిపురం ఆడవాళ్ళు వేసుకునే నైటీలకు పేరు. ఇంటికొక మిషను, కొన్ని ఇళ్ళల్లో మూడు. కానీ ఆ ఒక్క పొద్దు మాత్రం తల్లులు పెడలు మీద నుంచి కాలు తీసి ఫోను చుట్టూ చేరుతారు. ఎవరింట్లో అన్నా నంబరు నొక్కితే వచ్చేస్తాది కదా, ఐనా పిల్లకాయలు సిస్టర్ల బడికే పరుగెత్తుతారు. అక్కడ నోటీసు బోర్డులో చూస్తే గాని వాళ్ళకు నమ్మకం కుదరదు.

ఈ ఏడు నేనూ పోయినాను. నా పెద్ద కూతురి కూతురు పదో క్లాసు రాసింది. ఐదొందలకు నాలుగొందల పైన వచ్చినాయి. బడి గేటు లోపల ఎడమ చేతి పక్కన చిన్న గుహలాగా రాళ్ళు పేర్చి మాత బొమ్మ పెట్టి ఉంటారు. దాన్ని ఇక్కడ మాత గెబి అంటారు. దాని ముందర కొవ్వొత్తులు వరసగా వెలుగుతున్నాయి. వెలిగించిన పిల్లకాయల్లో సగానికి పైగా నుదుట విభూతి, కుంకుమ పెట్టుకున్నవాళ్ళే. మా మనవరాలు కూడా మారియమ్మ గుళ్ళో కుంకుమ పెట్టుకుని వచ్చి ఇక్కడ కొవ్వొత్తి పెట్టింది. దానికి అందులో వింతేమీ తోచలేదు.

తిరిగి వస్తుంటే ఎదురింటి ఆమె అడిగింది. "మంచి మార్కులే అన్నా. ఇంక ఏం చేస్తారు, పనికా బడికా?"

ఆమె కీడు తలచి అడగలేదు. మన ఇళ్ళల్లో పదో క్లాసు అయినాక మొదట వచ్చే మాట అదే. నేను ఈ నెల రాయబోయేది ఆ మాట గురించే. మార్కుల గురించి పేపర్లు రాస్తాయి, ఫోటోలు వేస్తాయి. మార్కులు వచ్చిన పిల్ల జూన్ నెలలో ఎక్కడ ఉంటాదో ఎవరూ రాయరు.

ముందు నా తప్పు చెప్పుకోవాల. చెప్పకుండా ఇంకొకరికి బుద్ధి చెప్పే హక్కు నాకు లేదు.

2001లో నా పెద్ద కూతురు ఇదే బళ్ళో పదో క్లాసు పాసైంది. నేను అప్పుడు రింగు ఫ్రేములో పని. ఇంట్లో నలుగురు పిల్లలు, అమ్మ మంచాన పడి ఉండింది. ఆ రోజుల్లో ఊరూరికీ ఏజెంట్లు తిరిగేవాళ్ళు. పిల్లను మూడేళ్ళు మిల్లు హాస్టల్లో పెట్టండి, తిండి మాది, చివర్న పెళ్ళికని ముప్పై వేలో యాభై వేలో మొత్తంగా చేతికి ఇస్తాము అని. సుమంగళి అని పేరు పెట్టినారు దానికి. పేరు వింటేనే ఆడపిల్ల తండ్రికి కడుపు చల్లబడేది. తమిళనాడు పడమటి జిల్లాల్లో స్పిన్నింగు మిల్లులకు అట్లా వేలకు వేల పిల్లలు పోయినారు. తరువాత కోర్టుల్లోనూ పేపర్లలోనూ నలిగిన సంగతి మీకు తెలుసు.

నేను బడికి పోయి టి.సి. అడిగినాను. హెడ్మిస్ట్రెస్ సిస్టరు "ప్లస్ వన్ ఇక్కడే చేరవచ్చు కదా, ఎందుకు టి.సి.?" అన్నారు. నేను అబద్ధం చెప్పినాను. అత్త ఊళ్ళో చేరుస్తున్నాము సిస్టర్, అక్కడ బడి దగ్గర అన్నాను. ఆమె నమ్మి సంతకం పెట్టినారు. పిల్ల పక్కనే నిలబడి ఉండింది. తల ఎత్తలేదు.

మూడేళ్ళకు రెండు నెలలు తక్కువగా నా కూతురు ఇంటికి వచ్చేసింది. దగ్గు. దూది పీచు గొంతులో చేరితే ఎట్లా ఉంటాదో నాకు వేరే ఒకరు చెప్పాల్నా? నేను ముప్పై నాలుగేళ్ళు పీల్చినవాణ్ణి. కాని నేను ఎనిమిది గంటల షిఫ్టు అయినాక బయటికి వచ్చి ఊపిరి తీసుకునేవాణ్ణి, అది హాస్టలు నుంచి షెడ్డుకు, షెడ్డు నుంచి హాస్టలుకు. మూడేళ్ళు నిండలేదని చెప్పి ఆ మొత్తం డబ్బు చేతికి రాలేదు. కొంత ఇచ్చినారు, ఆసుపత్రికే సరిపోయింది. ఏ మిల్లు అని రాయను, ఇప్పుడు రాసి లాభం లేదు. పంపింది నేను.

2005లో రెండో కూతురు పదో క్లాసు పాసైంది. దీన్ని కూడా పంపేద్దామని కాదు గాని, ఇంట్లోనే మిషను మీద కూర్చోబెడదామని అనుకున్నాము. నైటీకి ఇంత అని పీసు రేటు వస్తాది, ఇంటి గడప దాటే పని లేదు, పెళ్ళి దాకా గడిచిపోతాది. టి.సి. కూడా అడగలేదు. జూన్ మొదటి వారం పోయింది, రెండో వారం పోయింది.

ఒక సాయంత్రం నేను మొదటి షిఫ్టు ముగించి వచ్చి కాళ్ళు కడుక్కుంటున్నాను. సందు చివర తెల్ల చీర కనబడింది. హెడ్మిస్ట్రెస్ సిస్టరు, పక్కన ఒక టీచరమ్మ. మా సందులో స్కూటరు కూడా రాదు, కాలువ దాటుకుని నడిచి వచ్చినారు. మా ఇంట్లో వేసేదానికి ఉన్నది ఒక స్టూలు. ఆమె స్టూలు మీద కూర్చోలేదు, గడప మీదే కూర్చున్నారు. నా భార్య కాఫీ పెట్టింది, తాగినారు. ఇంట్లో అమ్మకు ఎట్లా ఉంది అని అడిగినారు. ఆఖరుకు మెల్లగా, తమిళంలో అడిగినారు.

"అయ్యా, పెద్దమ్మాయి అత్త ఊళ్ళో ఏం చదువుతున్నది?"

పెద్దది లోపలి గదిలో దగ్గుతున్నాది. ఆ దగ్గు సిస్టరు చెవిన పడింది. నేను ఏమీ చెప్పలేదు. ఆమె కూడా ఇంకొక మాట అడగలేదు. లేచేటప్పుడు నా భార్య చెయ్యి పట్టుకుని "చిన్నదాన్ని సోమవారం పంపండి అమ్మా, ఫీజు సంగతి తరువాత చూసుకుందాం" అని చెప్పి పోయినారు. సోమవారం పంపినాము.

ఆ రెండో కూతురు ప్లస్ టూ అయినాక నర్సింగు చదివింది. ఇప్పుడు మదురైలో ఒక ఆసుపత్రిలో ఉండాది. నేను చెప్పేది అది నర్సు అయిందని కాదు. నర్సులు లక్షల్లో ఉన్నారు. ఒక మనిషి కాలువ దాటి నడిచి మా గడప ఎక్కినందుకు ఒక పిల్ల జీవితం ఒక పక్కకు తిరిగింది, ఎవరూ ఎక్కనందుకు ఇంకొక పిల్లది ఇంకొక పక్కకు తిరిగింది. ఎక్కకుండా చేసింది నా అబద్ధం. ఇద్దరూ ఒకే కడుపున పుట్టిన పిల్లలు, ఒకే బడి, ఇంచుమించు ఒకే మార్కులు.

2022లో ఒక తెలుగు పేపరు ముక్క నాకు చేరింది. మా బంధువు ఒకడు నెల్లూరు నుంచి వస్తూ పలహారం చుట్టుకొచ్చిన పేపరు అది. అందులో ఎర్ర టోపీ పెట్టుకున్న ఒక మన తెలుగాయన ఫోటో. హైదరాబాదు ఆర్చిబిషప్ పూల ఆంథోనీ గారు. ఆ ఏడు ఆగస్టు 27న రోములో పోప్ ఫ్రాన్సిస్ గారు ఆయనను కార్డినల్ చేసినారు. తెలుగువాళ్ళల్లో కార్డినల్ అయిన మొదటి మనిషి ఆయనే. దళితుల్లో కూడా మొదటి కార్డినల్ ఆయనే. పోపును ఎన్నుకునే వాళ్ళు కార్డినళ్ళు. 2025 మేలో కొత్త పోపును ఎన్నుకునేదానికి తలుపులు మూసుకుని కూర్చున్నవాళ్ళల్లో ఈయన కూడా ఉన్నారు.

నాకు పట్టుకున్నది ఎర్ర టోపీ కాదు. కర్నూలు జిల్లా చిందుకూరులో 1961లో పుట్టిన ఈ పిల్లవాడు ఏడో క్లాసుతో బడి మానేసినాడు. కారణం పేదరికం, వేరే ఏమీ లేదు. మిషనరీలు పిల్లవాణ్ణి కడపకు పిలుచుకుని పోయి మళ్ళీ బళ్ళో వేసినారు. 1992లో గురువు అయినారు, 2008లో కర్నూలు బిషప్, 2020లో హైదరాబాదు ఆర్చిబిషప్. పేపరంతా ఆ మెట్లు లెక్కపెట్టింది. నేను మాత్రం ఏడో క్లాసుకూ ఎనిమిదో క్లాసుకూ నడుమ ఉన్న ఆ సందు దగ్గరే ఆగిపోయినాను. ఆ నెలల్లో ఆ పిల్లవాడు ఏ పొలంలో ఏ పని చేస్తుండినాడో? అప్పుడు ఎవరూ వచ్చి పిలవకపోయి ఉంటే ఆయన పేరు మనకు తెలిసేదే కాదు. మన లైన్ ఇళ్ళల్లో అట్లా పేరు తెలియకుండా పోయిన పిల్లకాయలు ఎంతమంది ఉన్నారో లెక్క వేయండి.

మన విరుదునగర్ జిల్లావాళ్ళకు ఈ మాట కొత్త కాదు. కామరాజు గారు చిన్నప్పుడే బడి మానేసి అంగడిలో కూర్చున్న మనిషి. ముఖ్యమంత్రి అయినాక 1956లో బళ్ళల్లో మధ్యాహ్నం అన్నం మొదలుపెట్టినారు. ఎం.జి.ఆర్. గారు 1982లో దాన్ని పెద్దది చేసినారు. ఇప్పుడు చిన్న క్లాసులకు పొద్దున టిఫిను కూడా పెడుతున్నారు. 2022లో సర్కారు బళ్ళల్లో మొదలైంది, 2024 జూలై 15న, కామరాజు గారు పుట్టిన రోజున, పల్లెల్లోని ఎయిడెడ్ బళ్ళకు కూడా ఇచ్చినారు. ఆ పని ముఖ్యమంత్రి మొదలుపెట్టింది తిరువళ్లూరు జిల్లా కీళచ్చేరిలోని సెయింట్ ఆన్స్ ప్రైమరీ బళ్ళో. పేరు చూస్తేనే తెలుస్తాది కదా, అది కూడా సిస్టర్ల బడే.

ఇక్కడ ఒకటి చెప్పాల. మనవాళ్ళు చాలామంది సిస్టర్ల బడి అంటే విదేశీ డబ్బుతో నడిచే ధర్మసత్రం అనుకుంటారు. కొందరు కోపంగా అంటారు, కొందరు కృతజ్ఞతగా అంటారు. రెండూ సగమే నిజం. ఎయిడెడ్ బడి అంటే టీచర్ల జీతం సర్కారు ఖజానా నుంచి వస్తాది. అంటే మనం అగ్గిపెట్టె కొన్నా చీర కొన్నా కట్టే పన్నులోనిదే. బడి నడిపే హక్కు రాజ్యాంగం 30వ ఆర్టికల్ మైనారిటీలకు ఇచ్చింది. కాబట్టి అక్కడ మన పిల్లను చేర్చేటప్పుడు చేతులు కట్టుకుని నిలబడాల్సిన పని లేదు. అడగండి. ఎయిడెడ్ సెక్షనా, సొంత ఫీజుతో నడిచే సెక్షనా అని గట్టిగా అడగండి. దీని సంగతి కింద మళ్ళీ వస్తాను.

సిస్టర్లు ఇచ్చేది జీతం కాదు మరి, ఏమిటి? నా కంటికి కనబడింది ఇంతే. ఏ ఇంట్లో ఎవరు ఏ షిఫ్టుకు పోతారో వాళ్ళకు తెలుసు. తండ్రి రాత్రి షిఫ్టు, తల్లి మిషను మీద, ఒకటే గది అంటే ఆ ఇంట్లో పిల్ల చదవలేదు. తండ్రి పగలు పడుకోవాల, దీపం వేయకూడదు, మాట్లాడకూడదు. అందుకని బడి వరండాలో సాయంత్రం ఏడు దాకా దీపాలు వేసి కూర్చోబెడతారు. ఒక టీచరు ఉంటారు, పాఠం చెప్పరు, ఊరికే ఉంటారు. పరీక్షల నెలల్లో సుండలో వేరుశెనక్కాయలో ఇస్తారు. పేరెంట్స్ మీటింగు ఆదివారం పెడతారు, పూజ అయినాక. వారం నడుమ పెడితే ఒక పూట కూలి పోతాదని వాళ్ళకు ఎవరో చెప్పి ఉండాల, లేదా వాళ్ళకే తోచి ఉండాల.

ఇంక మతం సంగతి. ఇది రాయకపోతే నన్ను పిరికివాడు అంటారు.

"బళ్ళో వేస్తే పిల్లను మార్చేస్తారు" అని మా అమ్మ 1990లలో గట్టిగా అనింది. నాకూ భయం ఉండింది. మా ఇంట్లో ముగ్గురు కూతుళ్ళు, ఒక మనవరాలు ఆ బళ్ళో చదివినారు. కేథలిక్ పిల్లకాయలకు వారంలో జ్ఞానోపదేశం పాఠం ఉంటాది, మిగిలినవాళ్ళకు అదే గంటలో నీతి పాఠం. మావాళ్ళు నీతి పాఠానికే పోయినారు. పొద్దున అసెంబ్లీలో ప్రార్థన అందరికీ ఒకటే. దానివల్ల మా ఇంటి దేవుడి పటం గోడ దిగలేదు. మా మనవరాలికి మాత్రం ఒక అలవాటు వచ్చింది, అన్నం ముందర ఒక నిమిషం కళ్ళు మూసుకుంటాది. ఎవరికి మొక్కుతున్నావు అని అడిగితే "తాతా, అన్నానికి" అంటాది. నాకు దీంట్లో తప్పు కనబడలేదు.

అసలు ఈ దక్షిణాదికి పాదిరీలు వచ్చిన కథలో మన తెలుగు కూడా ఉంది. రాబర్ట్ డి నోబిలి అనే ఇటలీ ఆయన 1606లో మదురై వచ్చినప్పుడు అక్కడ ఏలుతున్నది తెలుగు నాయకులు. ఆయన తమిళం, సంస్కృతంతో పాటు తెలుగు కూడా నేర్చుకున్నాడు. సన్యాసిలాగా కాషాయం కట్టి, మాంసం మాని బతికినాడు. వంద ఏళ్ళ తరువాత వచ్చిన బెస్కీని తమిళవాళ్ళు వీరమామునివర్ అని తమ పండితుల్లో ఒకడిగా లెక్క వేస్తారు. మన కోవిల్‌పట్టి దగ్గరి కామనాయక్కన్‌పట్టిలో కూడా ఆయన ఉన్నాడు. ఇప్పుడు ఆగస్టు 15న పరలోకమాత పండుగకు మన మిల్లుల నుంచి వ్యాన్లు కట్టుకుని పోయేది ఆ గుడికే. తెలివితక్కువ గురువూ ఆయన శిష్యులూ అని ఆయన తమిళంలో రాసిన నవ్వుల కథలు మా మనవరాలు బళ్ళో చదువుకుని వచ్చి చెప్పింది. విన్నాక నా భార్య "ఇది మన పరమానందయ్య శిష్యుల కథే కదా!" అని నవ్వింది. ఎవరు ఎవరి దగ్గర తీసుకున్నారో పండితులు తేల్చుకోనీ.

మతం మారితే ఏదో దక్కుతాదని అనేవాళ్ళకు మా పక్క సందులోని క్రైస్తవ కుటుంబాల కాగితాలు చూపించాల. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం షెడ్యూల్డు కులం అంటే హిందువులే. 1956లో సిక్కులను చేర్చినారు, 1990లో బౌద్ధులను చేర్చినారు. క్రైస్తవులను చేర్చలేదు. తాత ముత్తాతల కాలం నుంచి అదే చేరి, అదే బావి, అదే అవమానం. సర్టిఫికెట్ మాత్రం తమిళనాడులో బి.సి. ఆంధ్రలో బి.సి.-సి అని ఒక శాతం. మా మనవరాలితో ఒకే బెంచీలో కూర్చునే పిల్ల ఉంది. అదే మార్కులు తెచ్చుకుంటే దానికి కాలేజీ సీటు దగ్గర లైను పొడుగు. నాకు ఈ సంగతి తెలిసింది ఆ పిల్ల తండ్రి చెప్పినందుకే. ఇద్దరమూ ఒకే ఫ్రేముకు అటూ ఇటూ ఇరవై ఏళ్ళు నిలబడినాము. క్రిస్మసుకు వాళ్ళింటి నుంచి మురుకులు, అదిరసం వస్తాయి, పొంగలికి మా ఇంటి నుంచి చెరుకు, చక్కెర పొంగలి పోతాది. మారియమ్మకు పిల్లకాయలు కాపు కట్టుకుని పసుపు గుడ్డలతో బడికి పోతే సిస్టర్లు ఆ వారం యూనిఫారం అడగరు.

బాగుంది, బాగుంది అని రాస్తే బడివాళ్ళు డబ్బిచ్చి రాయించుకున్నట్టు ఉంటాది. అందుకే బడి పేరు కూడా రాయలేదు. నాకు నచ్చనివి కూడా ఉన్నాయి.

గేటు మీద పెద్ద గుడ్డ కడతారు, నూటికి నూరు శాతం పాసు అని. సిస్టర్ల బళ్ళే కాదు, సర్కారు బళ్ళూ కడతాయి, మెట్రిక్యులేషన్ బళ్ళూ కడతాయి. మన జిల్లా పేరు ఏటేటా రాష్ట్రంలో ముందు వరసలో ఉంటాది కాబట్టి మన బళ్ళకు ఈ జబ్బు కాస్త ఎక్కువ. ఆ నూరు నిలబెట్టేదానికి కొన్ని చోట్ల తొమ్మిదో క్లాసులోనే బలహీనమైన పిల్లకాయల తల్లిదండ్రులను పిలిచి "వీడు తేలడు, టి.సి. తీసుకోండి" అంటారు. నాకు తెలిసిన ఇద్దరు మగపిల్లలకు అట్లా అయింది. ఏ బడి అన్నది అట్లా ఉండనీ. ఒకడు ఇప్పుడు పవర్‌లూమ్ షెడ్డులో ఉన్నాడు. పిల్లను వెతుక్కుంటూ గడప ఎక్కే బడీ, పిల్లను గడప దాటించే బడీ ఒకే గుడ్డ కడితే మనకు తేడా ఎట్లా తెలుస్తాది? చేర్చేటప్పుడు ఎంతమంది పాసైనారు అని అడగకండి. ఆరో క్లాసులో ఎంతమంది చేరినారు, వాళ్ళల్లో పదో క్లాసు దాకా ఎంతమంది మిగిలినారు అని అడగండి. నేను ఒకచోట అడిగినాను. ఆఫీసు గుమాస్తా నా మొహం చూసినాడు.

ఇంకొకటి మన భాష. ఇది బడి తప్పు అనలేను, నాకు బాధ మాత్రం ఉంది. నేను ఐదో క్లాసు దాకానే చదివినా ఆ ఐదేళ్ళల్లో తెలుగు అక్షరాలు చేతికి వచ్చినాయి. అందుకే ఇవాళ మీకు ఇది రాస్తున్నాను. మా మనవరాలు ఇంట్లో తెలుగు మాట్లాడతాది, తెలుగు చదవలేదు. తాత ఏం రాస్తాడో దానికి నేనే చదివి వినిపించాల. 2006లో తమిళం తప్పనిసరి చేస్తూ రాష్ట్రంలో చట్టం వచ్చింది, ఒకటో క్లాసు నుంచి ఏడాదికొక క్లాసు ఎక్కి 2016కు పదో క్లాసు పరీక్షకు చేరింది. ఇంట్లో వేరే భాష మాట్లాడే పిల్లకాయల సంగతి ఏమిటని సుప్రీంకోర్టు దాకా పోయినారు. తమిళం నేర్వడం మంచిదే, ఇక్కడ బతికేది తమిళంతోనే. కాని ఆదివారం ఒక గంట ఆ వరండా ఇస్తే తెలుగు ఓనమాలు నేను నేర్పుతాను, జీతం వద్దు అని సిస్టరును అడిగినాను. ఇప్పుడున్న సిస్టరు కొత్తామె, కేరళ ఆమె. నవ్వి, "అయ్యా, మీ పిల్లలు వస్తారా చెప్పండి, గది నేను ఇస్తాను" అన్నారు. వచ్చే పిల్లల పేర్లు ఇప్పటికి నాలుగు దొరికినాయి. చదివేవాళ్ళు ఎవరైనా మీ పిల్లల పేర్లు సంఘం ఆఫీసులో ఇవ్వండి.

ఇంక కాగితాల సంగతి, పైన వస్తానన్నది. మన ఆడపిల్లలు ఆరు నుంచి పన్నెండు దాకా సర్కారు బళ్ళో చదివి కాలేజీలో చేరితే పుదుమై పెణ్ అనే పథకం కింద నెలకు వెయ్యి రూపాయలు వాళ్ళ బ్యాంకు ఖాతాకే వస్తాది. 2022 సెప్టెంబరు 5న మొదలైంది. 2024 డిసెంబరు 30 నుంచి ఎయిడెడ్ బళ్ళల్లో తమిళ మీడియంలో చదివిన పిల్లలకు కూడా ఇస్తున్నారు. మగపిల్లలకు తమిళ్ పుదల్వన్ అని ఇట్లాంటిదే ఉంది. గమనించండి, తమిళ మీడియం అని ఉంది. పక్కింటివాళ్ళు ఇంగ్లీషు సెక్షన్లో వేసినారని మనమూ ఫీజు కట్టి అందులో వేస్తే, రేపు ఎయిడెడ్ బడి పేరు చెప్పి ఈ డబ్బు అడిగేదానికి ఉండదు. నెలకు వెయ్యి అంటే మా వీధిలో ఎన్ని నైటీలు కుడితే వస్తాదో తల్లులకు తెలుసు.

మా ఎదురింటి ఆమె అడిగిన మాటకు నేను జవాబు చెప్పలేదు, నా పెద్ద కూతురు చెప్పింది. "బడికే" అని ఒక మాట అని మళ్ళీ మిషను మీద కూర్చుంది.

మరుసటి వారం ప్లస్ వన్ ఫారం నింపేదానికి తల్లీ కూతురూ పోయినారు, తోడుగా నేనూ. ఏ గ్రూపు అన్నప్పుడు చిన్నది సైన్సు అనింది. తల్లి సంతకం పెట్టింది. పెన్ను కింద పెట్టి కొంచెంసేపు అట్లాగే నిలబడింది. తరువాత సిస్టరును అడిగింది. "సిస్టర్, నాలాగా వయసు అయినవాళ్ళు ప్రైవేటుగా రాయవచ్చునా, ప్లస్ వన్, ప్లస్ టూ?"

దానికి ఇప్పుడు నలభై ఏళ్ళు. ఇరవై నాలుగేళ్ళల్లో ఒక్కసారి కూడా నాతో ఈ మాట అనలేదు. నేను కిటికీ పక్కకు తిరిగినాను.

సిస్టరుకు మా కథ తెలియదు, పాత సిస్టరు బదిలీ మీద పోయి చాలా ఏళ్ళైంది. ఆమె మామూలుగానే చెప్పినారు. ప్రైవేటుగా రాయవచ్చు, పదో క్లాసు పాసైన మార్కుల షీటు ఒరిజినల్ కావాల, ప్రకటన వచ్చినప్పుడు అప్లై చేయాల, పుస్తకాలు ఇక్కడే పిల్లలవి పాతవి ఉంటాయి తీసుకోండి, సాయంత్రం వరండాలో దీపం ఎట్లాగూ ఉంటాది అని.

ఆ మార్కుల షీటు ఎక్కడ ఉందో ఎవరికీ గుర్తు లేదు. రెండు రోజులు వెతికినాము. నా పి.ఎఫ్. కాగితాలు, గ్రాట్యుటీ కాగితాలు, అమ్మ ఆసుపత్రి చీటీలు అన్నీ బయట పడినాయి. ఆఖరుకు ట్రంకు పెట్టె అడుగున, అప్పుడు నేను తీసుకొచ్చిన టి.సి.తో కలిపి మడత పెట్టి ఉంది. ఒక అంచు చెదలు తిన్నాది. పేరు, నంబరు, 2001 అన్న ఏడు బాగానే కనబడుతున్నాయి.